ఖైరున్ ఆపాతో కుదిరిన బేరం

ఈ ఉదయం నేను వెళ్ళేసరికే దుకాణం తెరిచి ఉంది. తలుపు తోయగానే సబ్బు వాసన తగిలింది. మా దర్జీపనిలో స్నానపు సబ్బు అరిగిపోతే పారేయం. రేకులా పల్చబడిన ముక్కలను ఎండబెట్టి బిస్కట్ డబ్బాలో దాచుకుంటాం. గుడ్డ మీద గీత గీయడానికి సుద్దముక్క కంటే అదే నయం, ఇస్త్రీపెట్టె తగలగానే గీత మాయమైపోతుంది. బల్ల దగ్గర స్వప్న నిలబడి ఉంది. ఇద్దరు పిల్లల తల్లి, నా దగ్గర చేరి మూడు నెలలైంది. ఎదురుగా నీలం పట్టుగుడ్డ పరిచి ఉంది. గీతలన్నీ ముచ్చటగా గీసింది. కత్తెర చేతిలోనే ఉంది, గుడ్డ మాత్రం ఎక్కడా తెగలేదు.

“గీసి ఎంతసేపైంది?” అన్నాను.

“అర్ధగంటైంది అక్కా,” అంది తల ఎత్తకుండా.

నాకు నవ్వొచ్చింది. తనను చూసి నవ్వాననుకుంటుందేమోనని వెనక గదిలోకి వెళ్ళి చాయ్ పెట్టుకున్నాను. నవ్వొచ్చింది స్వప్నను చూసి కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే ఈసా టౌన్‌లో, ఇలాంటి బల్ల దగ్గర, ఇంతకంటే ఎక్కువసేపు కత్తెర పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడిన ఇంకో మనిషి గుర్తొచ్చి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బహ్రెయిన్ వచ్చాను. మా మెట్‌పల్లి వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. “దుబాయిల ఏ ఊరు?” అని అడిగేవారు, నేనూ సరిదిద్దేదాన్ని కాదు. మా ఆయన సల్మానియాలో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. పాప బడి దగ్గరవుతుందని ఈసా టౌన్‌లో ఇల్లు తీసుకున్నాం. ఆయన డ్యూటీకి, పాప బడికి వెళ్ళాక నాకు నాలుగు గోడలే తోడు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, కుట్టుపని. అది కూడా సగమే వచ్చు. ఎవరైనా కోసి ఇస్తే కళ్ళు మూసుకుని కుట్టగలను, కోయమంటే మాత్రం చేతులు చల్లబడిపోయేవి.

దానికో కథ ఉంది. మా అన్న పెళ్ళయిన కొత్తలో వదిన తన పట్టు జాకెట్ ముక్క నా చేతికిచ్చింది. జాకెట్ చేతులు రెండూ ఒకదానికొకటి ఎదురుగా కోయాలి, అప్పుడే ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వస్తుంది. నేను హుషారుగా రెండింటినీ ఒకే తీరుగా పెట్టి కోసేశాను. రెండూ ఎడమచేతివే అయ్యాయి. వదిన పాపం పల్లెత్తు మాట అనలేదు. మా అన్న ఊరుకుంటాడా? “మా చెల్లె చూసిన లోకంల మనుషులకు రెండూ ఎడమ చేతులే!” అని వచ్చిన చుట్టానికల్లా చెప్పి నవ్వించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత పదేళ్ళు కొత్త గుడ్డ మీద కత్తెర పెట్టలేదు.

ఖైరున్ ఆపాది మా పక్కనున్న కోరుట్ల. ఉర్దూలో ఆపా అంటే అక్క. భర్త పోయాక కూడా బహ్రెయిన్ వదలకుండా, ఆయన నడిపిన దర్జీ దుకాణాన్నే ఆడవాళ్ళ దుకాణంగా మార్చుకుని నిలబడిన మనిషి. అప్పటికే అరవైకి దగ్గరలో ఉంది. సన్నటి మనిషి, గొంతు మాత్రం గంట మోగినట్టుండేది. జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్ళిన నన్ను రెండు మాటల్లోనే పట్టేసింది. “మెట్‌పల్లి పిల్లవా? మరి ఇంట్ల కూసొని ఏం జేస్తున్నవ్, గోడలు లెక్కవెడుతున్నవా?” అంది. వారం తిరక్కుండా నేను ఆమె దగ్గర మిషన్ ముందు కూర్చున్నాను. వీసా కాగితాల సంగతంతా ఆమె కఫీల్, అంటే ఆమెకు పూచీగా ఉన్న అరబ్బు, చూసుకున్నాడు.

ఆపా కోసేది, నేను కుట్టేదాన్ని. అరబ్బు ఆడవాళ్ళ జలాబియా గౌన్లు, బడిపిల్లల యూనిఫారాలు, మన ఆడవాళ్ళ జాకెట్లు. కోసే ముందు బిస్మిల్లా అనుకునేది. ఒక్కసారి కత్తెర పెట్టిందంటే గీత చివరిదాకా ఆపేది కాదు. నెల తిరిగేసరికి నా గుట్టు ఆమెకు దొరికిపోయింది. ఒకరోజు మామూలు నూలుగుడ్డ నా ముందు పరిచి, “కొయ్యి,” అంది. నేను గీశాను. చెరిపి మళ్ళీ గీశాను. కొలతలు మూడోసారి చూసుకున్నాను. ఆపా పాలు పోయని సులేమానీ చాయ్ ఒకటి తాగింది, ఇంకోటి కూడా తాగింది.

“ఏమైంది బిడ్డా?”

“కోస్తే పోతది కదా ఆపా.”

“పోతే ఏం పోతది? గుడ్డ పోతది. నీ ముక్కు పోతదా?”

అయినా నేను కోయలేదు. కత్తెర కింద పెట్టి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయాను. ఆపా తనే కోసుకుంది. మర్నాడు మళ్ళీ ఒక ముక్క పరిచింది. ఆ మర్నాడు మళ్ళీ. రెండేళ్ళు ఇదే తంతు. ఆమెకు విసుగూ రాలేదు, నాకు సిగ్గూ రాలేదు.

బడి వార్షికోత్సవం దగ్గరపడిన ఒక చలికాలం, డాన్సు టీచరమ్మ స్వయంగా వచ్చి పిల్లలు పైన తొడుక్కునే చేతుల్లేని మెరూన్ మఖ్మల్ కోటీలు ఇరవై నాలుగు కుట్టమంది. గుడ్డ తనే తెచ్చింది. సూక్ బజారులో ఆ రంగు అంతే మిగిలిందని, మళ్ళీ దొరకదని మరీ మరీ చెప్పింది. ఈ పని బాగా కుదిరితే ఏటా బట్టలన్నీ మీకే ఇస్తామని కూడా అంది. అంత పెద్ద పని మా దుకాణానికి అంతకుముందెప్పుడూ రాలేదు. మఖ్మల్ సంగతి వేరు. జారిపోతుంది కాబట్టి మడతలు పేర్చి ఒక్కసారే కోయడానికి ఉండదు, ఒక్కొక్కటే కోయాలి. పైగా దానికి నూగు ఉంటుంది. కిందికి నిమిరితే నున్నగా, పైకి నిమిరితే గరగరలాడుతూ. అన్ని ముక్కలూ ఒకే దిక్కు నూగుతో కోయాలి. ఒక్కటి తలకిందులైనా పక్కవాటి ముందు వేరే రంగులా కనిపిస్తుంది.

ఆపా మొదటి కోటీ కోసింది. కుట్టడానికి ముక్కలు చేతిలోకి తీసుకుని గీతకు పట్టి చూశాను. కత్తెర గీతకు బొటనవేలంత లోపలికి వెళ్ళింది. ఆపా చేతుల్లో అలా జరగడం నేనెప్పుడూ చూడలేదు.

“ఆపా, గీత ఇక్కడుంది. నువ్వు కోసింది ఇక్కడ.”

ఆమె ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. చాలాసేపు చూసింది. “రంజాన్ నుంచి ఇట్లనే ఉంది,” అంది మెల్లగా. “అంతా పొగ పొగ. నీ మొఖం గూడ సాఫ్ కానొస్తలేదు.”

రెండు కళ్ళలోనూ శుక్లాలు. డాక్టరు రెండుసార్లు ఆపరేషన్‌కు తారీఖు ఇచ్చాడు, రెండుసార్లూ ఆమె వెళ్ళలేదు. ఆ చీటీలు పర్సులో మడత పెట్టుకుని తిరుగుతోంది. “కంట్ల కత్తి వెడ్తరట బిడ్డా. ఉన్న కొంచెం చూపు గూడ పోతే? ఈ చేతులతోని ఇంకేం జేసుకొని బతకాలె?” అంది. ఆ గంటలాంటి గొంతు ఆరోజు పీలగా వినిపించింది.

జాలిపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. “రెండేండ్ల సంది కత్తెర వట్టు, కత్తెర వట్టు అని నన్ను సతాయిస్తవు. పోతే గుడ్డే పోతదంటవు. నువ్వేమో చీటీలు పర్సుల దాచుకొని తిరుగుతున్నవు. నీతులన్నీ నాకేనా ఆపా?” అనేశాను.

అన్నాక గుర్తొచ్చింది, నాకు పని ఇచ్చిన మనిషిని, అమ్మ వయసు మనిషిని అన్నానని. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆపా పకపకా నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా. “గుడ్డొచ్చి పిల్లను ఎక్కిరించిందట! సరే, అయితే బేరం మాట్లాడుకుందాం. నేను దవాఖానకు పోత, నువ్వు కత్తెర వట్టు. ఒకటే దినం, ఒకటే టైము. నువ్వు వట్టలేదని తెలిసిందనుకో, నేను ఆపరేషన్ బల్ల మీదికెళ్ళి లేచొస్త.”

“నువ్వు పోకపోతే?”

“నువ్వు కత్తెర కింద వెట్టు. టీచరమ్మ గుడ్డ టీచరమ్మకు ఇచ్చేద్దాం. ఖలాస్.”

అంటే నేను వెనకడుగు వేస్తే ఆమె కళ్ళు పోతాయి, ఆమె వెనకడుగు వేస్తే దుకాణం పేరు పోతుంది. ఎంత గడుసు మనిషో చూడండి. నా భయానికి తన కళ్ళు తాకట్టు పెట్టింది.

మా ఆయన డాక్టరు చుట్టూ తిరిగి ఆమెకు మూడోసారి తారీఖు ఇప్పించారు. ఆ పొద్దున ఆపాను ఆయనే తీసుకెళ్ళారు. మెట్లు దిగేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి. నేను దుకాణంలోకి వచ్చి, మఖ్మల్ పరిచి, నూగు కిందికి నిమిరి చూసుకుని, గీత గీసి నిలబడ్డాను. దేవుడా, ఎంత మాట ఇచ్చాను! ఆమె వెనక్కి తిరిగొచ్చేస్తే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది. సరిగ్గా ఎనిమిదింటికి ఫోను మోగింది. మా ఆయన. “లోపలికి తీసుకెళ్ళారు. నీతో ఒకటే మాట చెప్పమంది, నేను పండుకున్నా అని.”

ఆమె మాట నిలబెట్టుకుంది. ఇక మిగిలింది నేనే. ఆమె బిస్మిల్లా అనుకునే చోట నేను మా ఎల్లమ్మ తల్లిని తలుచుకుని కత్తెర పెట్టాను. మఖ్మల్ తెగే చప్పుడు నూలుగుడ్డలా కరకరమనదు, మెత్తగా గుసగుసలాడినట్టుంటుంది. గీత చివరికొచ్చేసరికి నా వీపు చెమటతో తడిసిపోయింది. మొదటిది బాగానే వచ్చింది. రెండోదానికీ గుండె అంతే కొట్టుకుంది. పదోదానికీ అంతే. భయం తగ్గలేదు కానీ, చెయ్యి దాని పని అది చేసుకుపోవడం మొదలుపెట్టింది. మునిగినవాడికి చలేమిటి అంటారే, అలా ఉంది నా పరిస్థితి. మధ్యాహ్నం మళ్ళీ ఫోను వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. నేను బల్ల మీద తల పెట్టుకుని కాసేపు ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత, ఒక కంటికి పట్టీతో, నల్లకళ్ళద్దాలతో ఆపా దుకాణానికొచ్చింది. ఇంట్లో ఉండమని డాక్టరు చెబితే వింటేగా. పైపైన టాకాలు వేసిన కోటీలను వరసగా బల్ల మీద పెట్టించి, కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాన్నే పైనుంచి కిందికి నిమురుతూ వచ్చింది. పంతొమ్మిదోదాని దగ్గర చెయ్యి ఆగింది.

“గిది తలకిందుల.”

“తెలుసు ఆపా,” అన్నాను. కోసిన మరుక్షణమే తెలిసింది. వెనక ముక్క నూగు పైకి వెళ్ళింది. మిగులు గుడ్డ ఆపా చేతిలో పోయిన మొదటి కోటీకే సరిపోయింది, ఆ రంగు దొరకదు. రెండు రాత్రులు నిద్ర లేదు. రెండు ఎడమ చేతుల కథ ఇంకోసారి మొదలైందనే అనుకున్నాను.

ఆపా తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. “టీచరమ్మకు ఎవరు జెప్పాలె?” అంది.

“నువ్వే...”

“నేను కోసిన్నా? ఎవరు కోసిండ్రో వాళ్ళే జెప్పాలె. కోసుడు సగం పనే బిడ్డా. ఇది మిగిలిన సగం.”

నా హిందీ అంతంత మాత్రం, ఇంగ్లీషు అంతకన్నా ఘోరం. టీచరమ్మ వచ్చినప్పుడు ఆ కోటీని విడిగా ఆమె చేతిలో పెట్టి, “మేడం, ఇది నా తప్పు,” అన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. నిమిరి చూసింది. “చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. వెనక వరసలో నిలబెడతాలే,” అని నవ్వింది. ఆ తర్వాతి ఏడాదీ గుడ్డ పట్టుకుని మా మెట్లే ఎక్కింది. ఈసారి ఆపా కోసం కాకుండా, “ఆ తప్పు చెప్పినావిడ ఏది?” అని నా కోసం అడిగింది. ఆ మాట విని ఆపా, బోర్డు మీద రాయించుకోమని నన్ను ఎన్నాళ్ళు ఏడిపించిందో!

రెండో కంటి ఆపరేషన్‌కు ఆమె ఎవరితోనూ బేరమాడలేదు, తనే ట్యాక్సీ పిలుచుకుని వెళ్ళింది. నేనూ రోజూ కోశాను. కొన్ని చెడగొట్టాను, చెప్పుకున్నాను, సరిచేశాను. రెండు మిషన్లు ఐదయ్యాయి. ఆ దశకం ముగిసేలోపు ఆపా దుకాణం నాకు అప్పగించి కోరుట్ల వెళ్ళిపోయింది. ఫోనులో మాట్లాడినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే: “బండి నేర్చుకున్నవా లేదా?” కొలతలు తీసుకోవడానికి వంతెన అవతలున్న అరాద్‌కు రమ్మని అక్కడి వాళ్ళు ఎన్నిసార్లు అడిగారో. ఆ దారిలో రౌండెబౌట్లు తలుచుకుంటేనే నాకు కాళ్ళు చేతులూ ఆడవు. ఎప్పుడూ ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. ఒకసారి మాత్రం ఉడుక్కుని, “నీకు భయం ఎట్ల పోయింది ఆపా?” అని అడిగాను. “పోయిందని ఎవరన్నరు? కత్తెర వట్టినప్పుడల్లా ఉండె. నలభై ఏండ్లు దాన్ని పక్కన కూసోవెట్టుకొనే కోసిన,” అంది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. చివరిదాకా సూదిలో దారం తనే ఎక్కించుకునేదని వాళ్ళమ్మాయి చెప్పింది.

చాయ్ రెండు గ్లాసుల్లో పోసి తెచ్చి ఒకటి స్వప్న ముందు పెట్టాను. ఇంకా అలాగే నిలబడి ఉంది. నా బ్యాగు తెరిచి, రెండేళ్ళుగా అందులో నలుగుతున్న డ్రైవింగ్ స్కూలు ఫారం తీసి ఆ నీలం పట్టు పక్కన పెట్టాను. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి, కింద ఫోను నంబరు మాత్రం కనిపిస్తోంది.

“ఇదేంది అక్కా?”

“బేరం మాట్లాడుకుందాం స్వప్నా. నేను ఈ నంబరు కొడత. అవతల వాళ్ళు ఎత్తేలోపు నువ్వు కత్తెర పెట్టాలె. నువ్వు పెట్టలేదనుకో, నేను ఫోను పెట్టేస్త. ఈ వయసుల నాకు మళ్ళ ధైర్యం రాదు, ఆ పాపం నీదే.”

స్వప్న నోరు తెరిచి నన్ను చూసింది. నాకు చెమటలు పడుతుండడం చూశాక గానీ వేళాకోళం కాదని నమ్మలేదు. అటు తిరిగి నంబరు నొక్కాను. ఒకసారి మోగింది. రెండుసార్లు మోగింది. మూడోసారి మోగుతుండగా నా వెనక పట్టుగుడ్డ తెగుతున్న చప్పుడు మొదలైంది, ఆగకుండా గీత వెంట సాగింది. అవతల ఎవరో హలో అన్నారు. నా పేరు చెప్పాను.