తొక్కు కేసులో నర్సవ్వ సాక్ష్యం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఒక ఆగస్టు నెలలో, మధ్య న్యూజెర్సీలోని ఒక చిన్న టౌన్ మునిసిపల్ కోర్టులో తెలుగు దుభాషిగా పని పడింది. ఎడిసన్‌లో మా ఇంటి నుంచి అరగంట డ్రైవ్. లాయర్లు ఇంగ్లీషులో అడిగినది సాక్షికి తెలుగులో, సాక్షి చెప్పినది కోర్టుకు ఇంగ్లీషులో చెప్పడం దుభాషి పని. ఒక్క మాట కలపను, ఒక్క మాట వదలను అని మాచేత ముందుగా ప్రమాణం చేయిస్తారు. సాక్షి ‘నేను’ అంటే మేమూ ‘నేను’ అనే చెప్పాలి. సాక్షి తిడితే ఆ తిట్టూ చెప్పాలి. అప్పటిదాకా నాకు వచ్చినవి ఎక్కువగా ట్రాఫిక్ టికెట్లు, అద్దె తగాదాలు. ఈసారి విచారణ ఒక కుక్క మీద.

పేర్లు మార్చి చెబుతున్నాను. పోలీసులు ఒక దొంగతనం కేసులో ఎవరినో వెతుక్కుంటూ బయలుదేరి, దాదాపు ఒకే పేరున్న రెండు వీధుల్లో తప్పు వీధికి వెళ్ళారు. ఆ ఇంట్లో ఉండేది సుజాత, ఆమె భర్త, వాళ్ళ ఇద్దరు పిల్లలు. నిజామాబాద్ వైపు పల్లె నుంచి సుజాత తల్లి నర్సవ్వ వచ్చి ఉంది. పగటిపూట కాబట్టి ఇంట్లో ఆవిడ, కుక్క మాత్రమే ఉన్నారు. ఆవిడ పెరట్లో వడియాలు ఎండబెడుతోంది. ఒక యువ ఆఫీసర్ పక్క గేటు తీసుకుని లోపలికి వచ్చాడు, కుక్క అతని వైపు పరుగెత్తింది, అతను కాల్చాడు. తూటా భుజాన్ని చీల్చుకుని పోయింది. కుక్క బతికింది. కొద్దిగా కుంటుతుంది, అంతే.

తప్పు ఇంటికి వెళ్ళామని పోలీసులే ఒప్పుకున్నారు. కోర్టు ముందున్న ప్రశ్న వేరు. ఆ కుక్క మనిషి మీద దాడి చేసిందా? చేసిందని తేలితే టౌన్ దాన్ని ప్రమాదకరమైన జంతువుగా ప్రకటిస్తుంది. ఆ తర్వాత మూతికి చిక్కం లేకుండా బయటికి తీయకూడదు. మళ్ళీ ఏ ఫిర్యాదు వచ్చినా దాని ప్రాణం మీదికి రావచ్చు. ఆఫీసర్ ఒంటిమీది కెమెరాలో ఆ క్షణాన అతని మోచేయి తప్ప ఏమీ పడలేదు. దగ్గర నుంచి చూసింది నర్సవ్వ ఒక్కతే. ఆ రోజు ఆవిడ వచ్చీరాని హిందీలో చెప్పినదాన్ని పక్కింటాయన ఇంగ్లీషు చేసి, కుక్క దాడి చేసిందట అని పోలీసులకు చెప్పాడు. రిపోర్టులో అదే ఎక్కింది.

విచారణకు ముందు సాక్షితో కేసు సంగతులు మాట్లాడకూడదు. కానీ ఒకరి తెలుగు ఒకరికి తెలుస్తుందో లేదో చూసుకోవడానికి కాస్త సమయం ఇస్తారు. నాది రాజమండ్రి. మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ అని అడిగాను.

“నా బిడ్డ, అల్లుడు, ఇద్దరు పిల్లలు, మా తొక్కు,” అంది నర్సవ్వ.

తొక్కు ఎవరన్నాను.

“కుక్క, చెల్లె! పిల్లలు పికిల్ అని పేరు వెట్టిండ్రు. గట్లంటె ఏందిరా అంటె తొక్కు అన్నరు. ఆ పికిలు నా నోటికి వస్తలేదు. తొక్కూ అంటె సాలు, ఉరికొస్తడు.”

ఆవిడ వైపు తొక్కు అంటే ఊరగాయ. మా వైపు ఆ మాట వింటే ముందు గుర్తొచ్చేది అరటిపండు. ఆ నాలుగు మాటలే లేకపోతే, పోలీసులు ఒక అరటితొక్కను కాల్చారని కోర్టు రికార్డుకి ఎక్కించి ఉండేదాన్ని.

టౌన్ తరఫు ప్రాసిక్యూటర్ మర్యాదస్తుడే. పోలీసులు తాము వచ్చినట్టు గట్టిగా అరిచి చెప్పారా, మీరు విన్నారా అని అడిగాడు.

“ఇన్న. ఇంగ్లీష్‌ల అరిసిండ్రు. నేను గూడ అరిసిన, వడియాల మీద నడ్వకుండ్రని.”

నేను ఆ మాటే ఇంగ్లీషులో, మొహం కదపకుండా చెప్పాను. జడ్జిగారు తల దించుకుని కాగితాలు సర్దుకున్నారు.

కాల్పుల దగ్గరికి వచ్చేసరికి నర్సవ్వ, “పెద్ద సప్పుడైంది. వాడు కూలవడ్డడు. సచ్చిపోయిండనుకున్న,” అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ప్రాసిక్యూటర్ ఆగి, నీళ్ళిప్పించి, మళ్ళీ మొదలుపెట్టాడు. కాల్చడానికి ముందు కుక్క ఆఫీసర్‌ని ఏం చేసింది?

“మీద వడ్డడు,” అంది నర్సవ్వ.

పులి మేక మీద పడుతుంది. మనవడు స్కూలు నుంచి వచ్చి అమ్మమ్మ మీద పడతాడు. ఆవిడ ఉద్దేశం ఏదో నాకు తెలిసినట్టే ఉంది. కానీ తెలిసినట్టు ఉండటం మీద ప్రమాణం చేయలేదు. చేయి ఎత్తాను. కోర్టులో దుభాషి తన సంగతి చెప్పుకోవాలంటే ‘నేను’ అనకూడదు, ఆ మాట సాక్షిది. అందుకని, “యువర్ ఆనర్, సాక్షి వాడిన మాటకు రెండర్థాలున్నాయి. వివరణ అడగడానికి దుభాషి అనుమతి కోరుతోంది,” అన్నాను. సాక్షి ఇదివరకే దాడి అని చెప్పింది కదా అని ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పాడు. చెప్పింది పక్కింటాయన, నేను ఈవిడ మాట వినాలి అన్నారు జడ్జిగారు.

మీద పడ్డాడంటే ఎట్లా పడ్డాడో చెప్పండి అన్నాను.

“ఎట్లేముంది? ఇంటికి ఎవలొచ్చినా గంతే. ముందటి రెండు కాళ్ళు మీదేస్తడు. నోట్లె ఓ చెప్పు వెట్టుకొనొచ్చి వచ్చినోళ్ళకు ఇస్తడు. ఆ దినం నాది వట్కొచ్చిండు.”

ప్రాసిక్యూటర్ కలం ఆగింది. ఆఫీసర్ మీదికి వెళ్ళినప్పుడు నోట్లో చెప్పు ఉందా అని అడిగాడు.

“ఉండె. నా నీలం చెప్పు. నోట్లె చెప్పు వెట్టుకొని ఎట్ల కరుస్తడు సారూ? నువ్వు కరువు, సూద్దాం.”

ప్రమాణం ప్రమాణమే. ప్రాసిక్యూటర్ కళ్ళలోకి చూస్తూ, మీరు కరవండి చూద్దాం అని ఇంగ్లీషులో చెప్పాను. ఈసారి జడ్జిగారు కూడా నవ్వు ఆపుకోలేదు.

ఆఫీసర్‌ని మళ్ళీ పిలిచి జడ్జిగారే స్వయంగా ప్రశ్నించారు. అతనికి పాతికేళ్ళకు మించవు. “నీలంగా ఏదో కనబడింది, మేడమ్. అప్పుడు ఏమిటో తెలియలేదు. తర్వాత గడ్డిలో చెప్పు చూశాను,” అన్నాడు. కుక్క పళ్ళు మీకు తగిలాయా అంటే, లేదన్నాడు. తెలిసి తెలిసి అతను ఆ జవాబిచ్చాడని, అది అతనికి సులువు కాదని అక్కడున్న అందరికీ అర్థమైంది. దాడి జరిగినట్టు రుజువు లేదని జడ్జిగారు ఫిర్యాదు కొట్టేశారు. ఆ మాట తెలుగులో చెప్పగానే నర్సవ్వ నా చేయి పట్టుకుని, “ఇగ మా తొక్కుకు ఏం గాదు గదా?” అంది. జవాబు నేను చెప్పకూడదు, వాళ్ళ లాయర్‌ని అడిగి చెప్పాను. ఏం కాదన్నాడు.

వరండాలో ఆఫీసర్ వచ్చి, నన్ను క్షమించమని ఆవిడకు చెప్పండి అన్నాడు. నర్సవ్వ తల ఎత్తి అతన్ని చూసింది.

“ఇల్లు సూస్కొని రావాలె బిడ్డా. నా మనుమలు ఆడుకునే జాగ అది.”

‘బిడ్డా’కి సరిపోయే మాట ఇంగ్లీషులో వెతికి ‘సన్’ అన్నాను. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. “యెస్ మేడమ్,” అన్నాడు.

ఆ కుటుంబం టౌన్ మీద వేరే దావా వేసిందని విన్నాను. ఏమైందో తెలియదు. దుభాషికి తనను పిలిచినంత మేరకే కథ తెలుస్తుంది.

తర్వాత కొత్త దుభాషులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఈ కేసే చెప్పేదాన్ని. ‘గెంతాడు’ అని నేనే తేల్చేసి ఉంటే, ఎట్లా పడ్డాడని ఎవరూ అడిగేవారు కాదు, చెప్పు సంగతి బయటికి వచ్చేది కాదు. మాటకు రెండర్థాలున్నప్పుడు మనకు ఎంత బాగా తెలుసనిపించినా, అన్నవాళ్ళనే అడగాలి. విచారణ ఆలస్యమవుతోందని కొందరు జడ్జీలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వాలి.