మొదటి వరుసలో పెట్టిన బ్యాటరీ

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. భద్రాచలంలో మా పాత నెట్ సెంటర్ చుట్టుపక్కల ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది: "పైన 786 గానీ శ్రీరామ అని గానీ కొట్టకపోతే ఆ కంప్యూటర్ పనిచెయ్యదంట." ఈ పుకారుకు కన్నతండ్రిని నేనే. ఇప్పుడైనా నోరు విప్పకపోతే రేపు ఎవరో దీని మీద పరిశోధన మొదలుపెడతారు. కాబట్టి వినండి. బంగారంలాంటి అలారాన్ని మూడుసార్లు విప్పించి, ఒక వీధి మొత్తాన్ని గోదావరికి అప్పజెప్పబోయిన కథ ఇది.

రెండు వేల మూడో, నాలుగో సంవత్సరం. నా డిగ్రీ సగంలో ఆగింది గానీ జ్ఞానం మాత్రం పొంగి పొర్లుతోంది. కారణం మా గ్రంథాలయం. అక్కడ వంటల అరలో, ఊరగాయల పుస్తకానికీ పిండివంటల పుస్తకానికీ మధ్య, 'స్పైస్' అని అట్ట మీద ఉన్న లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. లైబ్రేరియన్ సుగుణ మేడం అది మసాలాల గురించనుకుని అక్కడ సర్దారు.

తీరా చూస్తే స్పైస్ అంటే సర్క్యూట్లను కంప్యూటర్‌లోనే పరీక్షించే సాఫ్ట్‌వేర్. దాని సీడీ కూడా వెనక అట్టకు అంటించి ఉంది. బొమ్మ గీసే పని లేదు. ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస రాయాలి: దాని పేరు, ఏ బిందువుకూ ఏ బిందువుకూ మధ్య ఉంది, విలువ ఎంత. చేతులు కాలవు, ట్రాన్సిస్టర్లు చావవు. ఉత్త అక్షరాల్లోంచి వోల్టేజి పుట్టించిన ఆ మహానుభావులకు కుర్చీలోంచి లేచి దండం పెట్టాను. పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన నాకేదో అయిందని మంచినీళ్ళు తెచ్చాడు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మొదటి అధ్యాయం చదవలేదు. ముందుమాటలూ పరిచయాలూ తీరిక ఉన్నవాళ్ళకు. నేను ఏ పుస్తకాన్నైనా పనసకాయలా నడుమ కోసేవాణ్ణి.

ఇక ఖాసిం భాయ్. రేడియో మెకానిక్. ఆయన ఇల్లూ దుకాణమూ ఘాట్ పక్కనున్న పల్లపు వీధిలోనే. వానాకాలం వస్తే ఆ వీధివాళ్ళు వంతులు వేసుకుని నదికి కాపలా కాసేవారు. ఆ బాధ తప్పించాలని భాయ్ ఒక అలారం చేశాడు: ఘాట్ పైమెట్టు మీద రెండు తీగలు, వాటికి నీళ్ళు తగిలితే బజర్ మోత. బకెట్ నీళ్ళలో ముంచితే వీధి చివరి మేకలు కూడా ఉలిక్కిపడ్డాయి.

"ఇగ కట్టేస్త తమ్మీ," అన్నాడు భాయ్. ఎగువన వానలు పడుతున్నాయి. ఘాట్‌లో ఇంకా పదకొండు మెట్లు పొడిగా ఉన్నాయి.

"ఆగు భాయ్. బకెట్ శాస్త్రం కాదు. కంప్యూటర్‌ను అడుగుదాం."

"కంప్యూటర్‌కు గోదారి తెలుస్తదా?"

"తెలిసేటట్టు నేను రాస్త గద!"

రాశాను. నెట్ సెంటర్‌లో ఆ సీడీ ఎక్కించి, అంతటి గోదావరిని పదివేల ఓముల రెసిస్టర్‌గా కుదించి ఒక్క వరుసలో ఇరికించాను. అన్నిటికన్నా పైన, మొట్టమొదటి వరుసలో, తొమ్మిది వోల్టుల బ్యాటరీ. అది లేనిదే ఏదీ లేదు కాబట్టి దానికే పెద్దపీట. నడిపించాను. ఫలితాల నెత్తిన నా బ్యాటరీ వరుస దర్జాగా కనిపించింది. కింద అన్నిచోట్లా వోల్టేజి సున్నా, సున్నా, సున్నా. ఆ కాగితం తెచ్చి చూపించాను.

"చూడు భాయ్, బ్యాటరీ పైనే ఉంది. అయినా బజర్‌కు కరెంటు రాలే. నీ సర్క్యూట్‌లనే ఏదో లోపం ఉంది."

"బకెట్ల మోగింది కద తమ్మీ?"

"అది కాకతాళీయం."

ఆ మాట బరువుకో, చదువు మీద గౌరవంతోనో ఆయన అలారం విప్పాడు. ట్రాన్సిస్టర్ మార్చాడు. మళ్ళీ సున్నా, పొడిగా మిగిలినవి తొమ్మిది మెట్లు. రెసిస్టర్లు మార్చాడు. మళ్ళీ సున్నా, ఆరు మెట్లు. మూడోసారి విప్పుతుంటే ఆయన భార్య జుబేదా భాభీ గరిటెతో సహా బయటికొచ్చింది.

"ఏందయ్యా, మోగేదాన్ని విప్పుడేంది? నీళ్ళు నా వంటింట్లకొచ్చినంక సున్నా అని చెప్తవా?"

"శాస్త్రానికి ఓపిక కావాలె భాభీ."

"గోదారికి లేదు కద!"

మర్నాడు నాలుగు మెట్లే మిగిలాయి. భాయ్ అలారాన్ని మొదట ఉన్నట్టే బిగించి, నాతో పాటు నెట్ సెంటర్‌కు వచ్చి కూర్చున్నాడు.

"ఈసారి నేను చెప్త, నువ్వు కొట్టు. పైన 786 కొట్టు."

"భాయ్, ఇది దుకాణం రసీదు కాదు. ఆ అంకె దీనికి అర్థం కాదు, తప్పు చూపిస్తది."

"గది మాకు బిస్మిల్లా లెక్క తమ్మీ, రాయనిదే పని మొదలువెట్ట. కొట్టు జల్దీ!"

తప్పు చూపిస్తేనైనా ఆయన నోరు మూతపడుతుందని కొట్టాను. నా వరుసలన్నీ దాని కిందికి జరిగాయి. నడిపించాను. బజర్ దగ్గర ఎనిమిదిన్నర వోల్టులు!

నా నోరే మూతపడలేదు. 786 తీసేశాను. సున్నా. దాని చోట ఇంగ్లిష్ అక్షరాల్లో శ్రీరామ అని కొట్టాను. ఎనిమిదిన్నర! వెనక నిలబడి చూస్తున్న నెట్ సెంటర్ వెంకన్న "దేవుడే దిగిండు!" అని బజారులోకి పరుగెత్తాడు. ఆ తర్వాత నేను మిరపకాయ బజ్జీ అని కూడా కొట్టాను. అదే ఎనిమిదిన్నర. వెంకన్న బజ్జీ దాకా ఆగి ఉంటే ఈ పుకారు పుట్టేదే కాదు.

పుస్తకం మొదటి అధ్యాయం తెరిచాను. మొదటి పేజీలోనే ఉంది: ఫైలులో మొదటి వరుస సర్క్యూట్ పేరు కోసం. స్పైస్ దాన్ని ఫలితాల పైన చూపిస్తుంది గానీ సర్క్యూట్‌లో కలపదు. అంటే మూడుసార్లూ నేను పరీక్షించింది బ్యాటరీ లేని అలారాన్ని! పుస్తకం మొదటి పేజీ నేను వదిలేస్తే, నా మొదటి వరుసను అది వదిలేసింది. లెక్క సరిపోయింది.

ఖాసిం భాయ్ పడీ పడీ నవ్వాడు గానీ ఒక్క మాట తిట్టలేదు. నా భుజం తట్టి, "పై వరుస పైవాడిది తమ్మీ. నీ బ్యాటరీని రెండో వరుసల వెట్టు," అన్నాడు.

ఆ సాయంత్రమే అలారం కట్టాం. మర్నాడు మధ్యాహ్నం అది మోగింది. నీళ్ళు గడప తాకేలోపు వీధి వీధంతా సామాన్లతో గట్టెక్కింది. భాభీ నా నెత్తిన బియ్యం మూట పెట్టి, "ఓపికున్నది కద, మొయ్యి!" అంది. మోశాను.

ఆ మూట సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇక మీదట ఏ పుస్తకానికైనా అట్ట నుంచి మొదలుపెడతాను, ధర కూడా వదలను, మోగుతున్నదాన్ని విప్పించను. స్పైస్‌ను వంటల అరలో దాచిన సుగుణ మేడానికి, సగం చూసి పరుగెత్తిన వెంకన్నకు, సామాన్యశాస్త్రం నేర్పిన జుబేదా భాభీకి, మూడుసార్లు విప్పి నాలుగోసారి నన్ను బిగించిన ఖాసిం భాయ్‌కి నా కృతజ్ఞతలు. ఈ కథనానికి కూడా మొదటి వరుసను పేరుకే వదిలేశాను. బ్యాటరీ రెండో వరుస నుంచి ఉంది.