తిరుపతి చేసిన ఆయుధపూజ

నాచారంలో ఫ్యాక్టరీ మూతపడ్డాక తిరుపతి ఉప్పల్‌లోని చలపతిరావు గారి నెట్‌వర్క్ కోచింగ్ సెంటర్లో అటెండరుగా చేరాడు. టీలు తేవాలి, కుర్చీలు తుడవాలి, ల్యాబును బతికించాలి. ఈ చివరి పని చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ ల్యాబే ఒక వింత. ఉన్నది ఒక్క కంప్యూటరు. దాని కడుపులో, నెట్‌వర్కుకు దారి చూపే రౌటర్లు పన్నెండు ఉన్నాయని అందరూ నమ్మాలి. కరెంటు పోయి వస్తే అవి వాటంతట అవి లేవవు. నల్ల తెర మీద కమాండ్లు కొట్టి, వరుస తప్పకుండా లేపాలి. సారు పాఠం చెప్పడంలో దిట్టే గానీ, లేపాల్సిన వేళకు మాత్రం ఎప్పుడూ ఫోన్లో ఉండేవారు; బయట మాత్రం అన్నీ తానే లేపుతున్నట్టు చెప్పుకునేవారు. హిమజ అనే స్టూడెంట్ నేర్పితే తిరుపతి ఆ కమాండ్లను ఎక్కాల్లా కంఠతా పట్టాడు. దసరా వెళ్ళగానే ల్యాబ్ అసిస్టెంటును చేస్తానని సారు మాటిచ్చారు. తిరుపతి భార్య స్వర్ణలత ఆ మాట తాము ఉండే చిల్కానగర్‌లో సగం ఇళ్ళకు చేరవేసింది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడు అది; బొగ్గు గనులు ఆగి కరెంటు గంటలకొద్దీ పోయేది. ఆయుధపూజ నాడు మధ్యాహ్నం హిమజ భోజనానికి వెళ్ళింది. నడిచే మిషనుకు బొట్టు పెట్టకూడదన్నది ఫ్యాక్టరీలో పదకొండేళ్ళ అలవాటు. తిరుపతి రౌటర్లన్నిటినీ పద్ధతిగా ఆపి, కంప్యూటరు ఆర్పి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్ళీ లేపాడు. అన్నీ లేచాయి. కానీ పండగ మర్నాడు ఉద్యోగాలిచ్చే కంపెనీవాళ్ళకు చూపించాలని హిమజ పొద్దుటి నుంచి చేసిన పని ఒక్క ముక్క లేదు. ఆమె రోజూ సేవ్ చేసే లేచేది. ఆ పూట మరిచింది.

తిరుపతి లోలోపల లెక్క వేసుకున్నాడు. కరెంటు పోయిందంటే సరి, ఆ రోజుల్లో ఎవరూ మారు అడగరు. నిజం చెబితే కొత్త కొలువు మాట అటుంచి, ఉన్నదీ ఊడుతుంది. అయినా భోజనం నుంచి తిరిగొచ్చిన ఆ పిల్ల ముఖం చూశాక అబద్ధం నోట రాలేదు.

"సార్, కరెంటు పోలే. పూజకని నేనే బందు వెట్టిన."

చలపతిరావు గారు నవ్వారు. "నువ్వు ఆపడమేంటయ్యా? అది నీకు చేతనయ్యే పనేనా? కరెంటే పోయుంటుంది."

తిరుపతన్నకు అన్నీ వస్తాయని హిమజ అనబోయింది. సారు వినిపించుకోలేదు. అటెండరు ఆపాడని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ లేపింది ఎవరన్న ప్రశ్న వస్తుంది మరి. వెంటనే ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ చెప్పారు. దాన్ని మూడంతస్తులు మోసింది తిరుపతే. హిమజ చీకటి పడేదాకా కూర్చుని పోయిందంతా మళ్ళీ కొట్టింది.

దసరా వెళ్ళాక సారు ఇచ్చిన మాటను తిరుపతి గుర్తు చేశాడు. కరెంటు పోయిందో లేదో కూడా తెలియని మనిషికి ల్యాబ్ ఎలా అప్పగిస్తానన్నారు సారు.

ఏమైందని స్వర్ణలత అడిగితే తిరుపతి జరిగిందంతా చెప్పాడు.

"మంచి పని సారు ఆయన పేరు మీద రాసుకున్నరు, సరే" అన్నాడు చివరికి. "తప్పన్న నా పేరు మీద రాయమన్న. గదీ రాయలే."