అడగని ప్రశ్నకు జవాబు రాయనన్న అక్క

సోమవారం పొద్దున కుల్కచర్ల నుంచి, ఆఫీసులో నేను అక్కా అని పిలిచే ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది. గుండె ఆగింది, దవాఖానకు తీస్కపోయేంతల్నే పోయింది" అన్నాడు. మధ్యాహ్నానికి మా ఆఫీసు గ్రూపులో ఒకరు "మొండిమనిషి, అయినా మంచిది" అని రాశారు. ఆ 'అయినా' నేను ఒప్పుకోను. ఆమె మొండితనమే ఆమె మంచితనం. అందుకే ఇది రాస్తున్నాను.

వికారాబాద్‌లో ఆరుగురం పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అక్క నాకు సీనియర్. గొర్లు కాసే ఇంట్లో పుట్టింది. పనికి కూర్చునే ముందు గాజులు తీసి సొరుగులో పెట్టేది. నా కోడ్‌లో తప్పు కనబడితే ఎక్కడుందో చెప్పేది కాదు. "జర మల్ల చదువు చెల్లె" అని, నాకు దొరికేదాకా పక్కనే కూర్చునేది.

తాండూరులో ఒక ఆసుపత్రికి మేం ప్రోగ్రాం చేశాం. ఊళ్లలోని క్లినిక్కులు రోగుల వివరాలను ఇంటర్నెట్ ద్వారా ఎక్స్‌ఎంఎల్‌గా, అంటే ఒక్కో వివరాన్ని ట్యాగు అనే పేరున్న గడిలో పెట్టి పంపితే, మా ప్రోగ్రాం చదివి తెర మీద చూపాలి. అందులో 'అలర్జీ' ట్యాగు తప్పనిసరి కాదు. క్లినిక్‌లో అడిగి, ఏమీ లేదని తెలిస్తే ట్యాగు ఖాళీగా వస్తుంది. అసలు అడగకపోతే ట్యాగే రాదు. నేను రాసిన కోడ్ రెండింటికీ 'అలర్జీ లేదు' అనే చూపేది.

ప్రారంభానికి ముందురోజు ఒక పూట నడిపి చూద్దామని అక్కా నేనూ ఆసుపత్రికి వెళ్లాం. పెద్దేముల్ నుంచి ఆటోలో వచ్చిన ఒక ముసలామె బల్ల మీద కూర్చుంది. తెర మీద 'అలర్జీ లేదు'. నర్సు సూది తీసింది. అక్క ఎందుకో ఆమె దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, నీకు పడని మందులేమన్న ఉన్నయా?"

"పోయినేడు గిట్లనే సూదేస్తే మొఖమంత వాసింది బిడ్డా. ఊపిరాడలే."

"మీ ఊరి క్లినిక్‌ల చెప్పలేదా?"

"ఎవలడిగిండ్రు?"

నర్సు సూది పక్కన పెట్టి డాక్టరును పిలిచింది. ఆయన మందు మార్చాడు. నేను ఆమె క్లినిక్ పంపిన వివరాలు తెరిచి చూశాను. అలర్జీ ట్యాగే లేదు.

అక్క ఫోన్ చేసి చెబితే మా మేనేజరు మాత్రం, "ట్యాగు ఖాళీగా వచ్చినా, రాకపోయినా ఒకటే కదమ్మా. రేపు మొదలుపెడదాం, తర్వాత సరిచేద్దాం" అన్నాడు.

"ఒకటి కాదు సార్. అడగలేదంటే లేదని కాదు. గిది సరిచేసేదాక ప్రోగ్రాం తయారైందని నేను సంతకం పెట్ట."

"అయితే వేరేవాళ్లకి ఇస్తాను."

"ఇయ్యుండ్రి. గా అవ్వకు గూడ మీరే జవాబు చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేసి నేరుగా డాక్టరు గదికి వెళ్లి, జరిగిందంతా చెప్పింది. ప్రారంభం ఆగింది. మూడు రోజుల్లో అక్కా నేనూ కోడ్ మార్చాం. ట్యాగు ఖాళీగా వస్తే 'లేదు'. రాకపోతే ఎర్రని అక్షరాల్లో 'అడగలేదు'. మేం క్లినిక్కులకు వివరాలు తిరిగి పంపేటప్పుడు కూడా, తెలియని వివరానికి ఖాళీ ట్యాగు పెట్టనివ్వలేదు అక్క. "మనకు తెల్వనిది లేదని పంపుడు అబద్ధమే" అంది.

ఆ తర్వాత మేనేజరు ఏ పెద్ద పనీ ఆమెకివ్వలేదు. బాధగా లేదా అని ఒకసారి అడిగాను. "నాకేం ఫికర్? గా అవ్వ మంచిగున్నది కదా" అని తన పని చూసుకుంది.

అంత్యక్రియలయ్యాక తాండూరు వెళ్లాను. ఆసుపత్రిలో ఒక కొత్త నర్సు తెర మీద 'అడగలేదు' చూసి కుర్చీ తిప్పి, పడని మందులేమైనా ఉన్నాయా అని ఎదుటి ముసలాయనను అడిగింది. ఆయన తలపాగా సర్దుకుంటూ గుర్తుచేసుకుంటున్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్లు తొందరపెడుతున్నారు. నర్సు ఆయన ముఖంలోకే చూస్తూ జవాబు కోసం ఆగింది.