పాస్‌పోర్టులోకి ఎక్కిన పెళ్ళి

మొన్న ఆస్ట్రేలియాలో ఉన్న మా అమ్మాయి, అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంటూ తన చిన్నప్పటి కువైట్ కాగితాలు పంపమంటే, పాత సంచీ తీసి మంచం మీద పరుచుకుని, పని మరిచి పూటంతా అలాగే కూర్చుండిపోయాను. గల్ఫ్‌లో బతికొచ్చిన నా ఈడువాళ్ళకు ఆ కాగితాల బరువు వేరే చెప్పనక్కర్లేదు.

తొంభైల మొదట్లో అమలాపురం ఏజెంటు నా పాస్‌పోర్టు దరఖాస్తు నింపుతూ, ఒంటరివాళ్ళకైతే పని తొందరగా అవుతుందని అవివాహితుడనని రాసేశాడు. అప్పటికి పెళ్ళయి ఏడాది, మా ఆవిడ కడుపుతో ఉంది. నేను చదువు రానివాణ్ణి కాను, చూస్తూ చూస్తూనే సంతకం పెట్టాను. కువైట్‌లోని షుఐబాలో ఎనిమిదేళ్ళు వెల్డింగు చేసి ఫోర్‌మన్‌నయ్యాక కుటుంబాన్ని తెచ్చుకునే అర్హత వచ్చింది గానీ, కాగితాల ప్రకారం నాకసలు కుటుంబమే లేదు.

మా కంపెనీలో ఇఖామాల, అంటే నివాస అనుమతుల, పని చూసే రాయచోటి భాయ్, నా మీద అభిమానంతోనే, ఒక సులువు చెప్పాడు.

"పెండ్లి పోయినేడే అయిందని సర్టిఫికెట్ తీపిచ్చుకో అన్నా, ఎవురూ అడగరు."

శుక్రవారం ఫోన్ చేసి మా ఆవిడకు అదే చెప్పాను.

"మరి మన పిల్ల ఎప్పుడు పుట్టినట్టండీ?" అంది.

ఆ వారమే సెలవు పెట్టి మన ఎంబసీకి వెళ్ళాను. పాస్‌పోర్టు లాక్కుని ఇంటికి పంపేస్తారని నా గదిలో ఉండేవాళ్ళంతా బెదిరించారు. అయినా కిటికీ దగ్గర నిలబడి, తప్పు రాసింది ఏజెంటే అయినా సంతకం నాదేనని ఒప్పుకున్నాను. అధికారి చాలాసేపు నా ముఖంలోకి చూసి, ప్రమాణపత్రం, అసలు పెళ్ళి సర్టిఫికెట్, పేపర్లో ప్రకటన తెమ్మన్నారు. మూడు నెలలు తిరిగాను. కొత్త పాస్‌పోర్టులో మా ఆవిడ పేరు అచ్చయి వచ్చిన రోజున, బస్సులో దారి పొడుగునా ఆ పేజీ తెరిచి చూసుకుంటూనే ఉన్నాను.

ఇక కువైట్ వాళ్ళ ఇమిగ్రేషన్ ఆఫీసు మిగిలింది. రాయచోటి భాయ్ తనే నా వెంట వచ్చి, జరిగిందంతా అరబ్బీలో దాపరికం లేకుండా చెప్పాడు. అక్కడి అధికారి నా పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని, పిల్ల వయసెంతని అడిగాడు. ఎనిమిది నిండబోతోందన్నాను. ముద్ర వేసి కాగితం ఇవతలికి తోశాడు.

"ఖలాస్," అన్నాడు, పని అయిపోయిందని.

రెండు వారాల్లో మా ఆవిడా పిల్లా విమానం దిగారు. సెలవుల్లో తప్ప నన్ను ఎరగని పిల్ల, ఫింటాస్‌లో మేం అద్దెకు తీసుకున్న ఫ్లాటు కిటికీలోంచి సముద్రం చూసి, ఇది మనదేనా నాన్నా అని అడిగితే, మనదేనని ధైర్యంగా చెప్పేశాను. ఆ రోజున నాకు అలాగే అనిపించింది మరి.

ఇప్పుడు ఇలాంటి దిద్దుబాట్లు సగం ఫోనులోనే అయిపోతున్నాయట, మంచిదే. కానీ ముద్ర పడ్డాక ఆఫీసు మెట్ల మీద నన్ను కావలించుకుని, తన సలహా తప్పని తనే ఒప్పుకుని, వీధిలో కనబడ్డవాళ్ళందరికీ నా పెళ్ళి ఇవాళే జరిగిందన్నంత సంబరంగా చాయ్ తాగించిన ఆ రాయచోటి మనిషిలాంటివాళ్ళు, ఇప్పుడు కాగితాలు నింపుకునేవాళ్ళ పక్కన ఎవరుంటున్నారా అనిపిస్తుంది.