వదిన దగ్గర చెప్పుకునే మాటలు

ఫోన్‌లో సందేశాలకు తాళం వేసే యాప్‌లో, ఆ తాళం బిగించుకునే తెరలు గీయడం అతని పని. చూసి నేర్చుకున్న విద్యే గాని, పదేళ్లుగా ఆఫీసులో అతని గీతకు తిరుగులేదు. మొన్న చేరిన అమ్మాయి అతని పదకొండు తెరలకు పోటీగా మూడే గీసింది. అందరూ మెచ్చుకుంటుంటే అతనికి ఒళ్లు మండింది.

తప్పు పట్టాలనే ఆ అమ్మాయి తెరలను భార్య ఫోన్‌లో పెట్టి ఇచ్చాడు. ఇదివరకు అతని తెరలు ఇచ్చినప్పుడైతే మూడోదానికే ఆవిడ విసుక్కుని ఫోన్ పక్కన పడేసింది.

"మీ సందేశాలు ఎవరి కంట పడకూడదు?" అని అడిగింది మొదటి తెర. కింద దొంగలు, ఆఫీసువాళ్లు, ఇంట్లోవాళ్లు అని మూడు మీటలు. ఆవిడ తడుముకోకుండా మూడోది నొక్కి, రెండు నిమిషాల్లో తాళం వేసేసింది.

"ఇంట్లోవాళ్లంటే నేనేగా! నాకు తెలియని రహస్యమేంటే?"

"మా అక్క దగ్గర మీ గురించి చెప్పుకోవద్దా ఏంటి? అబ్బ, ఎంత సులువుగా ఉందో! మీరే గీశారా?"

ఆ అమ్మాయి మీద కుళ్లు చాలదన్నట్టు ఇప్పుడు వదిన మీద కూడా పుట్టుకొచ్చింది. భార్య వంటింట్లో ఉండగా ఆమె ఫోన్‌లో ఆ తాళం తియ్యాలని గంటసేపు తంటాలు పడ్డాడు. తాళం రాలేదు.

మర్నాడు ఎవరి తెరలు ఉంచుదామని మేనేజర్ అడిగాడు.

"ఆ అమ్మాయివే పెట్టండి," అన్నాడతను, కుళ్లుకుంటూనే. "వెయ్యడం మా ఆవిడకి వచ్చింది. తియ్యడం నాకు రాలేదు."