మా బావ కథల చివర లారీ

మా బావ రామస్వామికి ఇష్టమైన రచయితలు నలుగురు. ఆ నలుగురి పేర్లూ ఆయనకు తెలియవు. పేరే తెలియనివాళ్లు ఇష్టమేంది బావా అని నవ్వితే, నీకు టీ పోసేటోని పేరు తెలుసా, టీ మంచిగుందని రోజూ తాగుతలేవా అని నా మీదకే వచ్చేవాడు. నాకు పుస్తకం చూస్తే ఆవులింతలొస్తాయి. పోచారంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని నాది. రోజంతా వచ్చేపోయేవాళ్ల కార్డులు చూసీ చూసీ ఇంటికొచ్చాక ఇంకో అక్షరం చూడబుద్ధి కాదు. అందుకని బావ పుస్తకాల పిచ్చిని వెక్కిరించడం తప్ప నేను చేసిందేమీ లేదు.

బావ పని నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, చిత్తు కాగితాలు కొనే రద్దీ గోదాములో. ఊళ్లో ఎవరి అటక మీద పుస్తకమైనా చివరికి అక్కడికే చేరాలి. అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతబడ్డప్పుడు నవలలు లారీలకు లారీలే దిగాయట. మిల్లుకు పోయే కాగితంలో అట్ట ఉండకూడదు, జిగురు ఉండకూడదు. కాబట్టి పుస్తకాన్ని ఎడమ చేత్తో పట్టుకోవాలి, కుడి చేత్తో ముందట్ట ఒక్క గుంజు, వెనకట్ట ఒక్క గుంజు. జిగురు అంటుకున్న మొదటి పేజీలూ చివరి పేజీలూ అట్టలతోనే ఊడొస్తాయి. అట్టలు అట్టల కుప్పలోకి, మిగిలింది కాగితాల కుప్పలోకి. ఏళ్ల తరబడి బావ చేసిన పని ఇదే. కాగితాల కుప్పలోంచి మనసైన నవల ఒకటి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాడు, చదివి మళ్లీ కుప్పలోనే పడేసేవాడు. సేటు ఏమీ అనేవాడు కాదు.

కాబట్టి బావ చదివిన ఏ నవలకూ పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు, మొదలు లేదు, చివర లేదు. రచయితలను మాత్రం రాత తీరును బట్టి గుర్తుపట్టి తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకామె కాఫీ ఆమె. ఆమె నవలల్లో పెళ్లి తప్పిపోయినా, ఇంట్లో శవం ఉన్నా, ముందు ఎవరో ఒకరు వంటింట్లోకి వెళ్లి కాఫీ పెడతారు. ఇంకొకాయన చుక్కలాయన. ఏ మాటా పూర్తి చేయడు, నాలుగు చుక్కలు పెట్టి వదిలేస్తాడు. ‘ఈయనకు మాటకింతని కాదు, చుక్కకింతని పైసలిచ్చినట్టున్నరు’ అనేవాడు బావ. కొండలాయన పుస్తకంలో మనిషి కనపడేలోపల కొండలూ మబ్బులూ అన్నీ అయిపోవాలి. నాలుగోవాడు డిటెక్టివాయన. బావ ఆయన నవలలు ఎన్ని చదివాడో, ఒక్క హంతకుణ్ణి కూడా చూసిన పాపాన పోలేదు. హంతకులంతా అట్టల కుప్పలోనే ఉండిపోయారు.

బావది ఆలేరు పక్కన ఏదో బడిలో ఏడో తరగతి దాకా చదివిన చదువు. మనసులో చదువుకోవడం రాదు. చిలకానగర్‌లోని అద్దె ఇంటి గడప మీద కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని, పంచాయతీ చాటింపు వేసినట్టు పైకి చదివేవాడు. వినేది మా అక్క ఉప్పలమ్మ. అక్కకు చదువు రాదు, పిల్లలు లేరు, బిస్కెట్ల కంపెనీలో పొట్లాలు కట్టి వచ్చాక బియ్యం ఏరుకుంటూ వినడమే ఆమె సరదా. పేజీలు అయిపోగానే అడిగేది, “ఇగ ఆఖరికేమైంది?” అని. అప్పుడు బావ తనే ముగింపు చెప్పేవాడు.

బావ ముగింపుల్లో బతికి బయటపడ్డవాడు లేడు. అందరూ చస్తారు. అందరూ ఒకేచోట, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర, లారీ గుద్ది.

“గా పిల్లది రాజమండ్రి గదా. ఉప్పల్‌కు ఎందుకొచ్చింది?” అని అక్క నిలదీసేది.

“పనుండొచ్చింది.”

“మొన్న గా జమీందారు కొడుకు గూడ పనుండే వచ్చిండు.”

“మల్ల రింగురోడ్డు ఉన్నది గందుకే గద. అందరికీ పనుంటది.”

ఒకసారి నేనే అడిగాను. ఒక్కర్నన్న బతికించరాదా బావా, నీ సొమ్మేం పోతది అని. బావ నవ్వలేదు. “మా నాయిన ముసలోడు కాకముందే పోయిండు. మా అన్నలిద్దరు గట్లనే పోయిన్రు. నేను సూసినకాడికే గద నేను జెప్పేది. బతికిన్రని జెప్తే అబద్ధమైతది,” అన్నాడు. అక్క బియ్యం చెరుగుతూ తలాడించింది. మొగుడు దేనికైనా బద్ధకిస్తాడు గానీ అబద్ధమాడడని అక్కకు గట్టి నమ్మకం. మా ఇళ్లల్లో ఎవరిదైనా ఆరోగ్యం బాగాలేకపోతే అక్క డాక్టర్ మాట కంటే బావ మొహం చూసి తెలుసుకునేది.

ఒక్క నవల మాత్రం బావను ముగించనివ్వలేదు అక్క. కాఫీ ఆమెది. అందులో వసంత అనే కోడలు, అత్త ఏదో అనగానే చేతిలో గరిటె విసిరికొట్టి, కట్టుచీరతో రైలెక్కుతుంది. ఏదో చిన్న స్టేషన్‌లో, వానలో, రైలు ఆగుతుంది. అక్కడ పేజీలు అయిపోయాయి. బావ నోరు తెరవగానే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

“దీన్ని సంపకు. గరిటె ఇసిరేసిందంటే మస్తు ధైర్యమున్న పిల్ల. గామె దిగిందో, మల్ల ఇంటికే పోయిందో, రాసినామెనే చెప్పాలె. నువ్వు గాదు.”

ఆ ఒక్క పుస్తకం మళ్లీ గోదాముకు పోలేదు. బియ్యం డబ్బా మీదే ఉండిపోయింది. ఏడాదికోసారన్నా అక్క దాన్ని మళ్లీ చదివించుకునేది. రైలు ఆగగానే ఇద్దరూ ఆగిపోయేవాళ్లు.

కిందటేడు ఎండాకాలంలో అక్కకు కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నాం. గోలీలు మింగింది. ఒళ్లు కరిగిపోయి గాజులు మోచేతి దాకా ఎక్కడం మొదలయ్యాక ఉప్పల్‌లో దవాఖానాలో చేర్పించాం. స్కానింగులు, రక్తాలు, ముక్క తీసి పరీక్షలు. మంచం మీద ఊరికే పడుకోలేక అక్క నాతో అంది, “తమ్మీ, గా వసంత పుస్తకం అసలుది యాడన్న దొరుకుతదేమో సూడరా. జర ఆఖరు ఇనాలనున్నది.” నాకు ఒళ్లు మండింది. మనిషి ఈ స్థితిలో ఉంటే పుస్తకమేంటని. అయినా అక్క నన్ను ఏదీ అడిగి ఎరగదు. చిరిగిన పుస్తకం సంచిలో పెట్టుకుని ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాళ్లందరికీ చూపించాను. పేరేంటి అంటారు, తెలియదు. రాసిందెవరు అంటారు, కాఫీ ఆమె అంటాను. పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. చివరికొక పెద్దాయన రెండు పేజీలు చదివి, అద్దాలు పైకి తోసి, ఇది ఒకప్పుడు అందరి ఇళ్లల్లో ఉండేది నాయనా అని, వారం తిరిగేసరికి నిండు పుస్తకం తెచ్చిపెట్టాడు. అట్టలతో సహా.

వెనక అట్ట మీద కాఫీ ఆమె ఫోటో ఉంది. పేరు ఆడపేరే గానీ, ఫోటోలో ఉన్నది మీసాలాయన. ఆ పొద్దే దవాఖానాకు వెళ్లి ఈ సంగతి చెబితే అక్క మంచం ఊగిపోయేలా నవ్వింది. “గందుకే! వంటింట్ల కాఫీ తప్ప ఇంకోటి పెట్టరాలే గాయనకు!” పుస్తకం ఇటివ్వు అనలేదు, చదవరాదు కదా. “మీ బావకియ్యి. ఆయన సదివితేనే నాకు ఎక్కుతది,” అంది.

మర్నాడు డాక్టర్ నన్ను పక్కకు పిలిచాడు. లివర్ దాకా పాకిందన్నాడు. ఇక చేయగలిగిందేమీ లేదన్నాడు. ఇంటికి తీసుకెళ్లండి, ఏమడిగితే అది పెట్టండి అన్నాడు. దవాఖానాలో ఆ మాట అన్నారంటే దాని అర్థం ఏమిటో మా బస్తీలో పసిపిల్లలకు కూడా తెలుసు.

బండి వేసుకుని నాచారం పోయాను. బావ అట్టల కుప్పకూ కాగితాల కుప్పకూ మధ్య పీట మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాల్సింది నోట్లోంచి రాక ముందు పుస్తకం చేతిలో పెట్టాను. బావ మొహం వెలిగింది. అది చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. “డాక్టర్ పిలిచిండు బావా,” అన్నాను. చెప్పడం మొదలుపెట్టాను. బావ నా మొహంలోకే చూస్తూ విన్నాడు. రెప్ప వేయలేదు. లివర్ అన్నాను. ఏం లేదన్నడు అన్నాను. ఏమడిగితే అది పెట్టమన్నడు అన్నాను. అప్పుడు టప్పున చప్పుడైంది. నేను కిందికి చూశాను. పుస్తకం ఎడమ చేతిలో ఉంది. ముందట్ట అప్పటికే లేదు. వెనకట్ట కుడి చేతిలోంచి జారి కుప్ప మీద పడుతోంది. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూనే ఉండి మాట్లాడుతూనే ఉన్నాను. ఇద్దరికీ తెలివి వచ్చేసరికి అవతలివైపు నుంచి పార పట్టినవాడు ఆ కుప్పను కట్టలుగా ఒత్తే మిషన్‌లోకి తోసేశాడు.

నాకు కోపం ఆగలేదు. అక్క పోతోందన్న కోపమంతా బావ చేతుల మీదే చూపించాను. “ఎన్ని వారాలు తిరిగిన్నో తెలుసా! నీ చేతులు పడిపోను!” అని అరిచాను. ఆయన ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, అవి వేరేవాళ్లవైనట్టు చూసుకున్నాడు. మిషన్ ఆపించి, కట్టలు విప్పించి వెతికాం. ముందట్ట దొరికింది. మీసాలాయన దొరకలేదు. ఆయన వీపుకు అంటుకున్న ఆఖరి పేజీలూ దొరకలేదు. ఆబిడ్స్ పెద్దాయన దగ్గరికి మళ్లీ పోతే, ఉన్నదదే ఒక్కటి నాయనా అన్నాడు.

అక్కను ఇంటికి తెచ్చాం. కడుపులో నీరు పట్టింది, మందులతో తగ్గుతుంది అని చెప్పాం. బావ ఆ మాట చెబుతున్నంతసేపూ కుక్కర్ మూత తోముతూ కూర్చున్నాడు, మొహం కనపడకుండా. ఏమడిగితే అది పెట్టడం కూడా కుదరలేదు. ఉన్నట్టుండి మటన్ తెస్తే అనుమానపడుతుందని రోజూ పప్పే వండాం. ఒళ్లంతా నొప్పులతో ఉన్న మనిషికి పప్పు.

ఒక సాయంత్రం అక్కే అడిగింది. “పుస్తకమేదయ్యా? సదువు.”

బావ తెచ్చాడు. అక్క కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి. “అట్టలేవి?”

బావ తల దించుకున్నాడు. అక్కకు అర్థమైంది. నవ్వు ఆపుకోలేకపోయింది. కడుపు పట్టుకుని, నొప్పికి కళ్లల్లో నీళ్లు కారుతుంటే నవ్వింది. “చింపినవా! దీన్ని గూడ చింపినవా! నీ చేతులకు పుస్తకం కనపడొద్దు సూడు.” నవ్వి నవ్వి అలిసిపోయి దిండు మీద వాలింది. “సరె. సదువు. రైలు ఆగినంక నువ్వే జెప్పు. మీసాలాయన లేడు గద, ఇగ నువ్వే దిక్కు.”

బావ వేలు పెట్టుకుని చదివాడు. గరిటె విసిరింది. కాఫీ పెట్టారు. రైలెక్కింది. వాన పడింది. రైలు ఆగింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

“వసంత దిగింది,” అన్నాడు బావ. “వేరే రైలెక్కి ఇంటికి పోయింది. అత్త గూడ మంచిగైంది. వసంతకు ఏం రోగం రాలే, నొప్పి రాలే. మస్తు ఏండ్లు బతికింది. మనుమరాండ్ల పెండ్లిళ్లు గూడ సూసింది.”

అక్క దిండు మీద తల ఆయన వైపు తిప్పింది.

“లారీ రాలేదా?” అంది.

“రాలే.”

“ఎన్నడన్న ఎవర్నన్న బతికిచ్చినవా నువ్వు?”

బావ పుస్తకం మూయబోయాడు. మూయడానికి అట్ట లేదు. అక్క ఆయన మొహం చూస్తూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగింది. “దయాకరా, డాక్టరేమన్నడురా?”

నేను అబద్ధం చెప్పాలనే నోరు తెరిచాను. వచ్చింది నిజం. “ఏమడిగితే అది పెట్టమన్నడక్కా.”

“మరి రోజూ గీ పప్పేందిరా?” అంది అక్క.

బావ ఏడుపు అప్పుడు మొదలైంది. ముప్పై ఏళ్లుగా ఎందరినో చంపి, నీళ్లు తాగినంత తేలిగ్గా లేచి అన్నానికి కూర్చున్న మనిషి, మంచం పట్టెకు తల కొట్టుకుని ఏడ్చాడు. అక్క ఆయన జుట్టులో చెయ్యి పెట్టింది.

“ఊకో. నాకు తెలిసిపాయె. ఇగ ఉన్నదున్నట్టు జెప్పు. వసంత రింగురోడ్డుకు వచ్చింది గద. లారీని రానియ్యి.”

బావ ముక్కు తుడుచుకున్నాడు. ప్రయత్నించాడు, నేను చూశాను. పెదాలు కదిలాయి.

“వచ్చింది,” అన్నాడు. “రోడ్డు అంచుకు నిలబడ్డది. అటు సూసింది, ఇటు సూసింది.”

“ఆఁ.”

“ఒక్క బండి లేదు ఉప్పలమ్మా. రోడ్డంత ఖాళీగున్నది.”

“ఉప్పల్ రింగురోడ్డు ఖాళీగున్నదా?” అని అక్క మళ్లీ నవ్వింది. “పెద్ద అబద్ధాలోనివైనవ్.” ఆయన చేతులు రెండూ తీసుకుని, ఆ చింపే చేతుల్ని, తన కడుపు మీద నొప్పి ఉన్నచోట పెట్టుకుంది. “మంచిగుంది. ఇంకోపారి జెప్పు.”